నిలబెట్టాలా, పడుకోబెట్టాలా

పెందుర్తిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఈ రోజు పొద్దున్న బల్ల మీద చోటు చాలక, మొన్నటి పెళ్లి ఉన్న హార్డ్ డిస్క్‌ని నిలబెట్టి కాపీ మొదలుపెట్టాను. అది రోజంతా పట్టే పని. ఊరికే ఉండలేక ఫోన్‌లో వెతికితే, నిలబెట్టిన డిస్క్ త్వరగా పోతుందని ఒకాయన రాశాడు. వెంటనే పడుకోబెట్టాను. పడుకోబెడితే వేడెక్కుతుందని ఇంకొకాయన రాశాడు. మళ్లీ నిలబెట్టాను. మధ్యాహ్నం దాకా ఇదే వరస. కెమెరా కార్డులు అప్పటికే ఖాళీ చేసేశాను, ఆ పెళ్లికి ఇంకో కాపీ లేదు. డిస్క్ పోతే వాళ్లని మళ్లీ పీటల మీద కూర్చోబెట్టలేను కదా.

చివరికి ద్వారకా నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే మా బావకి ఫోన్ చేశాను.

"ఎలాగ పెట్టినా దానికేటీ అవదు బావ. కూసింత గాలి తగిలితే సాలు. లోపల తిరుగుతన్నప్పుడు మాత్రం కదపకూడదు. నువ్వేటీ కదపలేదు కదా?"

లేదన్నాను. డిస్క్ అప్పుడు నా చేతిలోనే ఉంది.

కదపకూడదన్నాడు కాబట్టి కింద పెట్టడానికీ భయమేసింది. నిద్రపోతున్న పసిపిల్లని దించినట్టు మెల్లగా దించాను. ఇంకా కాపీ అవుతూనే ఉంది. చేతులు ఊరుకోవని ఇది టైప్ చేస్తున్నాను.

మీ డిస్క్ నిలబడి ఉందా, పడుకుని ఉందా? రేపు చెప్పండి. ఇప్పుడు చెబితే మళ్లీ తిప్పేస్తాను.