వడియాల పక్కన రేడియో సెల్లు

మొన్న చీపురుపల్లి స్టేషన్లో రైలు దిగి బ్యాటరీ ఆటో ఎక్కాను. ఉద్యోగమంతా లోహాలూ బ్యాటరీలూ అంటూ పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ని కదా, ఊరుకోలేక ఛార్జింగ్ ఎక్కడ పెడతావని డ్రైవర్ని అడిగాను. "ఇంటి మీద సోలార్ పలకలున్నాయి బాబూ. ఎండ కాస్తే సాలు, అదే ఎక్కుతాది" అన్నాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో రేడియో గొంతు తగ్గితే, మళ్లీ కాస్త బలం వస్తుందని సెల్లు తీసి ఎండలో పెట్టేవాళ్లం. మా అమ్మయితే పెరట్లో నులకమంచం మీద గుమ్మడి వడియాల పక్కనే వాటినీ పేర్చి, కాకులు రాకుండా రెంటికీ కలిపి కాపలా కాసేది. అమ్మ మాంగనీసు గనిలో నల్లరాయి ఏరే పనికి వెళ్లేది. ఇంటికొచ్చి కుంకుడుకాయతో ఎంత తోముకున్నా అరచేతి గీతల్లో ఆ నలుపు ఉండిపోయేది. సెల్లులో ఉండే నల్లపొడి కూడా ఆ మాంగనీసేనని కాలేజీలో తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఉక్కు ఫ్యాక్టరీలో వచ్చిన ఉద్యోగం వదులుకుని, ఆ మాంగనీసుతోనే మళ్లీ మళ్లీ ఛార్జింగ్ ఎక్కే సెల్లు చేస్తానని పరిశోధనలో చేరాను. సెలవులకొచ్చినప్పుడు అన్నం వడ్డిస్తూ అమ్మ నా గోళ్లు చూసింది. "ఈ మసి నాతోటే పోవాలని కదరా నిన్ను సదివించినాను. నీ సేతులకీ అంటించుకున్నావేటి?" అని గరిటె అక్కడే పెట్టేసి లేచిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ సెల్లు నిలబడకపోతే అమ్మకి మొహం చూపించలేననుకున్నాను. అదేమో నాలుగుసార్లు ఛార్జింగ్ ఎక్కి, ఆపైన మొండికేసేది. నేనూ ఆ తల్లి కొడుకునే, ఏళ్ల తరబడి వదల్లేదు.

చివరికి నిలబడిన సెల్లు తెచ్చి అమ్మ రేడియోలో వేస్తే పాట వచ్చింది. "ఇది మన రాయేనా?" అని అడిగి, తన అరచేతులు ఒకసారి చూసుకుని, నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. నాకు వచ్చిన సన్మానాలన్నీ ఆ గరిటె తర్వాతే.

ఆ తర్వాత సెలవులకి వెళ్లేసరికి ఆ సెల్లు వడియాల పక్కన ఎండుతున్నాయి. వీటికి ఎండ అక్కర్లేదమ్మా, ప్లగ్గులో పెడితే చాలని నవ్వాను. "ఎండ తగలందే ఏటెక్కుతాదిరా" అని కసిరి, వాటిని రెండోవైపు తిప్పింది.

ఇప్పుడు వడియాలు ప్యాకెట్లలో కొంటున్నాం, సెల్లు ఎండబెట్టేవాళ్లమంటే మనవరాలు నమ్మదు. నాకు ఏ లోటూ లేదు, చేసిన పని తృప్తిగానే ఉంది. ఇప్పుడు ఆటోలకీ ఎండే ఎక్కుతోంది, నీ మాటే నెగ్గిందని చెబుదామంటే మాత్రం, అమ్మ లేదు.