విత్తనానికి ఉంచిన గుమ్మడికాయ

1999 జూలై 25, ఆదివారం, ఉదయం ఆరూ పది. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఈ సంగతి ఎప్పుడు ఎత్తినా అక్టోబరు 31తో మొదలుపెడతారు. "ఆంటీ హాలోవీన్ గొడవ" అని దానికో పేరు కూడా పెట్టుకున్నారు. వాళ్ళ లెక్క తప్పు. ఇది మొదలైంది జూలైలో, పంపు గది పక్కన, నేనూ మా మనవరాలూ ఒక మగ పువ్వు తుంచి, రేకులు ఒలిచేసి, దాని పుప్పొడి ఆడ పువ్వుకు రాసిన పొద్దున.

మదీనాగూడలో అప్పుడు ఎటు చూసినా కట్టుబడి. ఆకుల మీద సిమెంటు దుమ్ము, తేనెటీగ అన్నది కనిపించదు. కాయ కాయాలంటే ఆ పని మనిషే చేయాలి. మా మనవరాలికి అప్పుడు అయిదేళ్ళు. "ఇలా రాస్తే కాయ వచ్చేస్తుందా అమ్మమ్మా?" అంది. వస్తుందన్నాను. నాలుగో రోజుకి పిందె నిలిచింది. అప్పటినుంచి రోజూ ఆరింటికి నన్ను లేపి కిందికి తీసుకెళ్ళేది.

ఆ విత్తనం సంగతి చెప్పాలి. 1957 జూన్‌లో మా ఆయనకు హైదరాబాదు బదిలీ అయినప్పుడు మా అమ్మ చీర కొంగున ముడివేసి ఇచ్చిన గింజలు. గుండ్రటి కాయ, లోపల పసుపు కొమ్ము రంగు, పులుసులో వేస్తే బెల్లం సగం చాలు. బోరబండ ఇంటి పెరట్లో ఏటా మృగశిర కార్తెలో నాటేదాన్ని. 1969 గొడవల్లో ఊరు వెళ్ళిపోయాం, ఆ ఒక్క ఏడూ నాటలేదు. మిగిలిన ప్రతి ఏడూ ఒక కాయ కోయకుండా విత్తనానికి వదిలేదాన్ని. ముచ్చిక ఎండి, కాయ మీద గోరు గుచ్చితే దిగకుండా ఉండాలి. అప్పుడు కోసి, గింజలు కడిగి, బూడిదలో పొర్లించి, నీడన ఆరబెట్టి దాచాలి. ఆయన పోయాక, నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాక కూడా ఇది తప్పలేదు.

బోరబండ ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వచ్చిన ఆ 1999లో సామాన్ల గందరగోళంలో నా దగ్గర మిగిలినవి ఏడే గింజలు. ఏడూ పంపు గది పక్కన పెట్టాను. రెండు మొలిచాయి. ఒకటి తాపీ మేస్త్రీ కాలికింద పోయింది. రెండోది పంపు గది కప్పెక్కి ఒక్క కాయ కాసింది. అంటే ఆ విత్తనం మొత్తం ఆ ఒక్క కాయలోనే ఉంది. ఇది నేను ఇంట్లో అందరికీ చెప్పాను. మా అల్లుడికి రెండుసార్లు చెప్పాను. కార్తీకం వచ్చాక అతని చేతే కోయిస్తానన్నాను. నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి కోత పెట్టకూడదని మా ఇళ్ళలో పట్టింపు. కాయ ఇంటి పెద్దకొడుకుతో సమానమంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. అయినా మా అమ్మ పాటించింది, నేనూ పాటించాను.

మూడో అంతస్తులో ఉండే ఆవిడ రెండేళ్ళు అమెరికాలో ఉండి వచ్చింది. వాళ్ళాయన, మా అల్లుడు పనిచేసే ఆఫీసులోనే, హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల భవనంలో, మా అల్లుడికి మేనేజరు. అక్టోబరు మూడో వారంలో ఆవిడ ఇంటింటికీ వచ్చి, పిల్లలకి దయ్యాల వేషాలు వేసి తలుపులు కొట్టించి చాక్లెట్లు ఇప్పించే పండగ ఒకటి ఉందని చెప్పింది.

"ఈ నెల దాటితే దీపావళే కదమ్మా, ఈ మధ్యలో దయ్యాలెందుకు?" అన్నాను.

"పిల్లలకి ఎక్స్‌పోజర్ అండీ ఆంటీ. రేపు వీళ్ళందరూ వెళ్ళేది అక్కడికేగా!" అని నవ్వింది. వెళుతూ వెళుతూ పంపు గది కప్పు వైపు చూసి, "అబ్బ, ఎంత పర్ఫెక్ట్ షేప్ ఆంటీ మీ పంప్‌కిన్!" అంది.

"విత్తనానికి ఉంచానమ్మా. కోయను."

"అవునా? సో స్వీట్!" అంది.

కోయను అన్న మాటలో ఆవిడకి ఏ అక్షరం అర్థం కాలేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

31వ తేదీ ఆదివారం పొద్దున బోరబండ వెళ్ళాను. నాతో పనిచేసిన టీచరు ఒకావిడ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. చూసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను, "ఏటా నీకొక కాయ ఇచ్చేదాన్నిగా, గింజలేమైనా దాచావా?" అని. "దాచడమేంటే, తిని మూతి తుడుచుకున్నాం!" అని నొప్పిలోనూ నవ్వింది. నేనూ నవ్వాను. కాయ ఇంటి దగ్గర ఉందన్న ధీమా.

బస్సు దిగి నాలుగున్నరకి గేటు తీశాను. పంపు గది కప్పు మీంచి తీగ తలకిందులుగా వేలాడుతోంది. కాయ లేదు. ముచ్చిక పచ్చిగానే తెగి ఉంది.

వాచ్‌మన్ భార్య బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలో బట్ట వదిలేసింది.

"పెద్దమ్మా, జర కూసో. మంచినీళ్ళు తెస్త."

"కాయ ఎవరు కోశారు?"

"నేనైతే చెప్పిన. పెద్దమ్మ లేదు, అడగకుంట ముట్టుకోకున్రి అన్న. మేం చెప్తం లే అన్నరు. ఆ మూడో అంతస్తు మేడం ముందుగాల బజార్ల బూడిద గుమ్మడికాయ తెచ్చింది. తెల్లగున్నది. పిల్లలందరు ఇది దిష్టికాయ, ఇంటి ముంగట కట్టేది అని ఒకటే నవ్వుడు. ఎర్ర గుమ్మడి బజార్ల ముక్కలే అమ్ముతున్నరట, నిండుది దొరకలేదట. ఇగ మీ దాని మీద పడ్డరు."

"ఆవిడే కోసిందా?"

"కత్తి పట్టింది గని ఆగింది. ఆడోళ్ళం ముందుగాల కొయ్యొద్దు గద, పాపం తగుల్తది అన్నది. వాళ్ళ సారుకు ఫోన్ చేస్తే ఆఫీసుల ఉన్నడట. రెండువేల సంవత్సరమొస్తే కంప్యూటర్లన్ని ఖరాబైతయట గద, ఆ పని. అప్పుడు..." అని ఆగింది.

"అప్పుడు?"

"మీ అల్లుణ్ణి పిలిచిన్రు."

ఇంకొకరు పెంచిన కాయని అడగకుండా తెంపడానికి ఆవిడకి ఏ అడ్డూ కనిపించలేదు. అమెరికా పండగకి, అమెరికా కత్తితో, అమెరికా దయ్యం మొహం చెక్కబోతూ, ఆడది మొదటి కోత పెట్టకూడదన్నది మాత్రం గుర్తొచ్చింది! పాపం తన చేతికి అంటకుండా ఒక మగవాణ్ణి పిలిపించుకుంది. ఆ మగవాడు మా ఇంటివాడే. కార్తీకంలో నేనే చాకు ఇచ్చి కోయమనాల్సిన చెయ్యి అది.

కింద పార్కింగులో పిల్లలు పాత పంచెలు, దుప్పట్లు కప్పుకుని తిరుగుతున్నారు. కళ్ళ దగ్గర రెండు కన్నాలు. ఒక బల్ల మీద నా కాయ. మూడు మూలల కళ్ళు, పలక పళ్ళు, లోపల కొవ్వొత్తి. కండంతా గోకేసి, నా మోకాలంత ఎత్తున్న కాయని గుల్ల డిప్ప చేశారు.

"ఆంటీ, వచ్చేశారా!" అంది మూడో అంతస్తు ఆవిడ. "మీ పంప్‌కినే ఇవాళ హీరో!"

"గింజలేవమ్మా?"

"ఓ, సీడ్సా! రోస్ట్ చేసేశానాంటీ, సాల్ట్ వేసి. అక్కడ అందరూ అలాగే చేస్తారు. భలే హెల్దీ. ఇంకా వేడిగా ఉన్నాయి, తింటారా?"

స్టీలు గిన్నె నా ముందు పెట్టింది. అడుగున నాలుగైదు పొట్టులు, కాస్త ఉప్పు. పిల్లలు పంచుకుని నమిలేశారు.

నేను గట్టిగానే అన్నాను. ముప్పై మూడేళ్ళు క్లాసులో అరిచిన గొంతు నాది. విత్తనమని చెప్పాక కూడా ముట్టుకున్నవాళ్ళని ఏమంటారో ఆ మాటే అన్నాను. దొంగలంటారు. దుప్పట్లలోంచి పిల్లలు నన్నే చూస్తున్నారు, ఈ పండగలో అసలు దయ్యం ఇదే అన్నట్టు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఒక్క పంప్‌కిన్ కోసం ఇంత సీన్ ఏంటండీ? రేపు మా వారితో పది తెప్పిస్తాను."

మొదటి అంతస్తు తాతగారు ఈ అరుపులకి మెట్లు దిగి వచ్చి, "ఏమ్మా, వినాయకచవితి అయిపోయిందిగా, మళ్ళీ దేనికి చందా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. అంతటితో నా మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఇంట్లోకి రాగానే మా అమ్మాయి తలుపు వేసింది. "అమ్మా, దండం పెడతాను, ఇంక ఆపు. వచ్చే నెలలోనే ఈయన అప్రైజలు."

మా అల్లుడు సోఫా అంచున కూర్చున్నాడు. ఎంత కోపం వచ్చినా అతన్ని నేను మీరు అనే అంటాను.

"అల్లుడుగారూ, మీకు తెలుసుగా?"

"గింజలు పక్కన పెట్టమని చెప్పానండీ అత్తయ్యగారూ."

"ఎవరికి చెప్పారు?"

"అక్కడున్నవాళ్ళకి... అందరికీ చెప్పానండి."

"మీ ఆఫీసులో పని కూడా ఇలాగే అందరికీ చెప్పి వచ్చేస్తారా?"

"ఆవిడ స్వయంగా వచ్చి పిలిస్తే కాదని ఎలా అంటానండీ?" అన్నాడు. అతను చెప్పిన వాటిలో నిజం అదొక్కటే.

అప్పుడు మా మనవరాలు దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చింది. పిడికిలి విప్పింది. నాలుగు గింజలు. ఉప్పు అంటి, అంచులు మాడి, చెమటకి తడిసి ఉన్నాయి.

"నాకిచ్చినవి నేను తినలేదు అమ్మమ్మా. మనం నాటుకోవాలిగా. దాచేశాను."

అంతమంది పెద్దవాళ్ళలో విత్తనం విత్తనమని గుర్తు పెట్టుకున్నది అదొక్కతే. మా అల్లుడి వైపు చూశాను. "దీనికి మీరు చెప్పండి" అన్నాను. చెప్తానన్నాడు. చెప్పలేదు. పిల్ల పాత రంగు డబ్బాలో మట్టి నింపి నాలుగూ నాటింది. రోజూ ఆరింటికి గ్లాసుతో నీళ్ళు పోసేది. దీపావళి నాడు మతాబు వెలుగులో కూడా డబ్బాలోకి తొంగిచూసింది. రోజూ పొద్దున నేను అల్లుడిని చూసేదాన్ని, అతను పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

నవంబరు 14, ఆదివారం. బాల్కనీలోంచి కేక వినిపించింది. "అమ్మమ్మా! వచ్చేశాయి!"

వెళ్ళి చూశాను. మట్టిని తలతో ఎత్తుకుని మొలకలు లేచాయి. లావుపాటి జంట ఆకులు, గుమ్మడివే. ఒకసారి లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"నువ్వు ఎన్ని నాటావమ్మా?"

"నాలుగు."

"ఎన్ని మొలిచాయి?"

వేలితో ముట్టి లెక్కపెట్టింది. "ఆరు!" అని ఎగిరింది. "రెండు ఎక్కువొచ్చాయి అమ్మమ్మా!"

మా అల్లుడి పేపరు ఇంకాస్త పైకి లేచింది. మియాపూర్‌లో ఎరువుల కొట్టు ఉంది, విత్తనాల పొట్లాలూ అమ్ముతారు. పొట్లం తెచ్చి గుప్పెట్లోకి వంపుకుని గుచ్చినవాడు నాలుగు గుచ్చాలని కూడా లెక్క చూసుకోలేదు. కాయ కోసినప్పుడు చూపిన శ్రద్ధే ఇక్కడా చూపించాడు.

"అల్లుడుగారూ, ఆ రెండూ ఎక్కడివో దీనికి చెప్పండి."

"అత్తయ్యగారూ, ప్లీజ్. పిల్ల సంతోషంగా ఉంది కదండీ."

"కాయ మీరు కోశారు. పొట్లం మీరు తెచ్చారు. చెప్పడం కూడా మీరే చెప్పాలి."

మా అమ్మాయి వంటింట్లోంచి అరిచింది. "నీకు లెక్క తేలితే చాలు కదమ్మా! ఎవరేమైపోయినా ఫరవాలేదు!"

చెప్పాడు. వేయించిన గింజ మొలవదని, ఇవి కొట్టులో కొన్నవని, నువ్వు ఏడుస్తావని పెట్టానని. పిల్ల అంతా విని డబ్బా దగ్గర కూర్చుని వేలితో మట్టి తవ్వింది. ఒక పక్కన నాలుగూ బయటపడ్డాయి. మెత్తబడి, బూజు పట్టి ఉన్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఏడవలేదు. వాళ్ళ నాన్న వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు లెక్కపెట్టకపోతే మన మొక్కలే కదా ఇవి" అంది.

అబద్ధం మొలిస్తే దానికి నీళ్ళు పోయమని ఆ పిల్లకి నేను చెప్పలేను. ఇప్పుడైనా అలాగే లెక్కపెడతాను, అలాగే చెప్పిస్తాను. దానికి నన్ను నిలదీసే హక్కు కోసినవాడికీ లేదు, కోయించినవాళ్ళకీ లేదు. మూడో అంతస్తు ఆవిడ తెప్పిస్తానన్న పది కాయలు రాలేదు. అప్రైజలు బాగానే వచ్చింది. ఆ ఆరు మొలకలకీ మర్నాటినుంచి ఎవరూ నీళ్ళు పోయలేదు.

పోయినవి ఇవి. గుమ్మడికాయ, ఒకటి. గింజలు, ఎన్నో తెలియదు, వేయించే ముందు ఎవరూ లెక్కపెట్టలేదు. 1957 నుంచి నలభై రెండు పంటలు వచ్చిన విత్తనం, పూర్తిగా. పొద్దున ఆరింటికి నన్ను లేపే మనిషి, ఒకరు.