బూజు మందు

యుద్ధం రోజులు. నరసరావుపేట స్టేషన్లో గుంటూరు బండి కోసం కూర్చుని, పక్కవాళ్ళు అడిగితే పేపరు పైకి చదువుతున్నాను. చీము పట్టిన పుండ్లను మాన్పే కొత్త మందును ఇంగ్లండులో బూజు నుంచి తీస్తున్నారని రాశారు.

పుండుతో కాలు వాచి, జ్వరంతో మూలుగుతున్న కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ వింటోంది.

"ఆ మందు గుంటూరు ఆస్పత్రిలో ఉంటదా బాబూ?"

"ఇంకా మనదాకా రాలేదమ్మా. సిపాయిలకే ఇస్తున్నారంట."

ఆమె గబగబా మూట విప్పి జొన్నరొట్టె తీసింది. దాని మీద ఆకుపచ్చగా బూజు పట్టి ఉంది.

"ఇదేనేమో చూడు బాబూ. పుండు మీద పెట్టమంటే ఇప్పుడే పెడతా."

నేను బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పేపర్లో ఆ వార్త మళ్ళీ మొదటి నుంచి చదివాను; ఏ బూజో రాయలేదు.

బండి వచ్చేదాకా ఆమె రొట్టె పట్టుకున్న చెయ్యి దించలేదు.