గట్టు మీద ఓపిక

మా ఇంట్లో "ఓపిక లేదు" అనే మాట ఎవరూ అనకూడదు. ఒంట్లో బాగాలేదనొచ్చు, నిద్ర వస్తోందనొచ్చు, ఆ మాట మాత్రం కూడదు. తాతగారు కట్టించిన చర్చిని మేం గుడి అనేవాళ్లం; అందులో ముందు బెంచీ మాది. పాస్టరుగారి వాక్యం ఎంతసేపు సాగినా ఆయన వీపు ఆ బెంచీకి ఆనేది కాదు. పక్కన నేను కాస్త వాలితే, తల తిప్పకుండానే నడుము మీద వేలితో పొడిచేవారు. విశ్వాసి బతుకు దూరపు పరుగు పందెం లాంటిదనీ, అది ఓపికతో పరుగెత్తాలనీ పాస్టరుగారు చెబుతుంటే, ఓపిక అంటే ఒంట్లో సత్తువ అనుకున్నాను. మా వైపు అందరూ వాడే అర్థం అదే. సత్తువ ఉన్నవాళ్లం కాబట్టే దేవుడు మమ్మల్ని ముందు కూర్చోబెట్టాడని కూడా అనుకున్నాను.

గుడి పండుగనాడు కుర్రాళ్లు కోడిపందేల జోలికి పోకుండా తాతగారు ఒక పరుగు పెట్టించారు. ఏలూరు కాలవ గట్టు వెంట, లాకుల దగ్గర నుంచి గుడి దాకా. మా ఇంటివాళ్లు ఎన్నడూ పరుగెత్తలేదు. గుడి గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. చెమటలు కక్కుతూ వచ్చినవాళ్లు దోసిళ్లు పడితే నాన్నగారు మజ్జిగ పోసేవారు. ఆ మజ్జిగలోని దబ్బాకు వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు.

తర్వాత మిల్లు పోయింది, పొలం పోయింది, మేడ పోయింది. గుణదలలో రెండు గదుల వాటాలోకి వచ్చాం. నాన్నగారు మాత్రం ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, హనుమాన్ జంక్షన్ బస్సెక్కి ఆ గుడికే వెళ్లేవారు. ముందు బెంచీ వేరేవాళ్లదైందని, తాను వెనక తలుపు పక్కన కూర్చుంటున్నానని ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక నేను వెళ్తేనే తెలిసింది.

మొన్నటి పండుగకు నేనే పరుగెత్తాలనుకున్నాను. యాభై దాటిన ఒళ్లు. అయినా ఆ ఇంటి మనవడు ఎవరి సాయమూ లేకుండా, నిటారుగా గేటు దాటాడని ఊరు చూడాలి. నాకు కావలసింది అంతే.

సగం దూరం పోయేసరికి మోకాలు పట్టేసింది. కుర్రాళ్లు కనుమరుగైపోయారు. రేవులో బట్టలుతుకుతున్న ఒకావిడ తలెత్తి చూసింది.

"ఏంటి బాబుగారూ, బస్సు తప్పిపోయిందా?"

"పందెమమ్మా."

"పందెమా? మరి కోడేదండీ?"

ఆవిడ నవ్వు ఆగకముందే వెనక మోటారుసైకిల్ చప్పుడు వినిపించింది. వెనకబడ్డవాళ్లను ఎక్కించుకోవడానికి ఇప్పటి పాస్టరుగారు వచ్చారు. నాకన్నా చిన్నవారు, భారీ మనిషి.

"వందనాలండీ. ఎక్కండి."

"అక్కర్లేదండీ. ఓపికుంది."

"మీ మోకాలు అలా అనట్లేదే!"

"నడుస్తానండీ."

"సర్లెండి. మీరు ఎక్కరు, నేనే దిగుతా."

ఇంజను ఆపి, బండి నెట్టుకుంటూ నా పక్కన నడిచారు. నాలుగడుగులకే ఆయనకు ఆయాసం పట్టుకుంది. కాలవలో గుర్రపుడెక్క మీద కొంగలు నిలబడి మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి. కాసేపటికి ఆ కాలు ఇక నేల మీద మోపలేకపోయాను. పడిపోతానని తెలిసింది.

"ఓపిక లేదండీ," అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"హమ్మయ్య," అన్నారాయన ముఖం తుడుచుకుంటూ. "నాకూ లేదండీ. మీరు ముందంటారేమోనని చూస్తున్నా. బండి వెనక ఈ క్యారియర్ పట్టుకోండి. పట్టుకుంటే ఎక్కినట్టు కాదులెండి."

పట్టుకున్నాను. ఇద్దరికీ ఓపిక లేదు, అయినా నడుస్తున్నాం. వాక్యంలో చెప్పిన ఓపిక ఇదేనేమో, సత్తువ అయిపోయాక కూడా ఆగకపోవడం. నాన్నగారు అన్నేళ్లూ ఆ వెనక తలుపు పక్కన చేసిందీ అదేనేమో. నేను సత్తువ కోసం ప్రార్థించినన్నాళ్లూ ఆయన దేనికోసం ప్రార్థించారో అడగలేదు.

గేటు దగ్గర ఊరంతా ఉంది.

"అయ్యగారూ, పెట్రోలైపోయిందా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

దగ్గరకు రాగానే చెయ్యి తీసేసి, నడుం సరిచేసుకుని లోపలికి వెళ్దామనుకున్నాను. తీయలేదు. అలాగే పట్టుకుని, కుంటుకుంటూ వెళ్లాను.