ట్రైలర్‌లో నాయనమ్మ

నిన్న మలేషియా సరిహద్దు దగ్గర, వుడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్ క్యూలో, ముందు బండి వెనకున్న ట్రైలర్ టకటకమంది. ఇంత వయసొచ్చినా చటుక్కున నా స్పీడోమీటర్ వైపు చూశాను.

నాకు ఆరేళ్లప్పుడు నాయనమ్మ పోయింది. ఆవిడ మంచాన్ని ట్రైలర్‌లో వేసి, మా ఎస్‌యూవీకి తగిలించి, మలేషియాలో ఉన్న అత్తయ్యకి ఇచ్చేందుకు బయల్దేరాం. నాయనమ్మ బతికున్నప్పుడు, నాన్న స్పీడు పెంచితే చాలు, వెనక సీట్లోంచి చేతికర్రతో టకటకా కొట్టేది. ఆ రోజూ స్పీడు పెరగ్గానే ట్రైలర్‌లోంచి అదే చప్పుడు.

"నాన్నా, నాయనమ్మ మెల్లగా పొమ్మంటోంది!"

"మంచం కాలు లూజురా, అంతే."

అన్నాడే గానీ స్పీడు తగ్గించాడు. చప్పుడు ఆగింది. దయ్యమైపోయినా ఆవిడకి కావలసింది స్పీడ్ లిమిటే! అత్తయ్య ఊరు దాకా లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

స్పానర్ నాన్న సీటు కిందే ఉంది. దారిలో టీకి ఆగుతూనే ఉన్నాం. ఆయన మాత్రం ఆ మంచం కాలు బిగించలేదు.