పిప్పరమెంటు చుక్క

ఈ బరువు మోయడం అలవాటైపోయింది. మోస్తున్నానన్న సంగతి మాత్రం ఏనాడూ మరిచిపోలేదు. కొట్లో సీసా మూత తీసినప్పుడల్లా ఆ ఘాటుతో పాటు అదీ పైకి వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏలూరులో మాది మూలికల కొట్టు. పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు అనే తెల్లటి పలుకుల్ని కర్పూరంతో కలిపి సీసాలో వేసి మూత బిగిస్తే వాటంతటవే కరిగి నీరవుతాయి. పెదపాడు, కైకలూరు వైపు చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు తలనొప్పికి ఆ చుక్కల మందే రాసుకుంటారు. మంచి మందే, ఇప్పటికీ అదే అంటాను. పుదీనా, తులసి, వాము ఎవరికి ఎంత మేలు చేస్తాయో మా మామగారు నేర్పారు. ఎవరికి పడవో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆకుల్లోంచి వచ్చినది కీడేం చేస్తుందిలే అనుకున్నాను.

పక్కింటి కోడలు గ్రేసుకి తొలికాన్పులో బాబు పుట్టాడు. పసిగుడ్డు. రొంప పట్టి, ముక్కు మూసుకుపోయి, పాలు తాగలేక ఏడుస్తున్నాడు. "పిన్నిగారూ, స్నానం చేసొస్తానండీ, కాస్త చూస్తారా?" అంటూ గ్రేసు వాణ్ణి నా ఒళ్లో పెట్టి వెళ్లింది. నేను వేలికి ఒక్క చుక్క అద్దుకుని వాడి ముక్కు కింద రాశాను. ఎవరినీ అడగలేదు. తిరిగొచ్చి మెచ్చుకుంటుందని కూడా అనుకున్నానేమో. వాడు ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. ఊపిరి ఆగింది. పెదాలు నల్లబడ్డాయి. నా కేకకి గ్రేసు తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది.

సందు చివరే ఆస్పత్రి. డాక్టరమ్మ బాబుకి ఊపిరి అందిస్తూనే నన్ను అడిగింది. "ఈ ఘాటు వాసన ఏమిటమ్మా? వీడికేమైనా రాశారా?"

"లేదండీ. తలనొప్పిగా ఉంటే నేనే రాసుకున్నానండీ."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. నిజం చెబితే వైద్యం సులువవుతుందని నాకు తెలియదా? తెలుసు. కొట్టుకి చెడ్డపేరు వస్తుందని భయపడ్డానా, గ్రేసు మొహం చూడలేకపోయానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, అడిగినప్పుడల్లా నన్ను కాస్త మంచిదాన్నిగా చూపించే జవాబే దొరుకుతోంది, ఆ జవాబుని నేనే నమ్మలేకపోతున్నాను.

బాబు బతికాడు. కానీ అంత గండం ఎందుకొచ్చిందో ఎవరో ఒకరు చెప్పాలి కదా. గ్రేసు అత్తగారు చెప్పింది. బాలింత పథ్యం తప్పి పెరుగన్నం తిందట, ఆ చలవ పాలల్లోంచి బిడ్డకి దిగిందట. గ్రేసు నా వంక చూసింది, ఒక్క మాట సాయం వస్తుందేమోనని. నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను. వేలికి ఇంకా వాసన వస్తోంది.

ఆ తర్వాత నిజంగా తలనొప్పి వచ్చినా ఆ మందు రాసుకోలేదు. కొనేవాళ్లందరికీ, పసిపిల్లల దగ్గరికి దీన్ని తీసుకెళ్లకండి, కర్పూరం కూడా వాళ్లకి పడదు అని చెబుతాను. "ఎంత జాగ్రత్తండీ మీకు!" అంటారు. సిగ్గుతో చచ్చిపోతాను.

పోయిన నెల గ్రేసు చెల్లెలు, పుట్టింట్లో చూసేవాళ్లు లేక, పురిటికి పక్కింటికే వచ్చింది. పాప పుట్టింది. నేను ఊయల ఊపుతుంటే గ్రేసు చెల్లెలితో అంది, "పెరుగు జోలికి పోకే. అప్పట్లో నా తిండి యావకి నా కొడుకు పోయేవాడు. పిన్నిగారినడుగు, చూసినావిడ."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. నేను ఊయల ఊపుతూనే ఉన్నాను.

పెరుగు కాదు గ్రేసూ, నా వేలు. ఆ మాట ఇక్కడ రాశాను. గుండె కొంత తేలికపడిన మాట నిజమే. పక్కింట్లో ఆ పిల్ల మాత్రం ఇవాళ కూడా కారప్పొడి అన్నమే తింటోంది.