అవ్వ దాహం

పందొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం. వైద్యం చదువుతున్న నేను సెలవులకు ఎమ్మిగనూరు వచ్చి, మగ్గాల చప్పుడు మధ్య మూత్రపిండాల పాఠం పట్టుకున్నాను. చదవడమంటే, పుస్తకం గుండెల మీద బోర్లించుకుని పైకప్పు చూడటం. నెత్తుటిలోని నీళ్లు వడపోతకు వచ్చి సన్నని గొట్టాల్లోకి దిగడం, దిగినవి దాదాపు అన్నీ మళ్లీ ఒంట్లోకే తిరిగి రావడం అరమోడ్పు కళ్లకు కనబడేది. వీధిలో ఎండ కూడా నీళ్లలాగే కదిలేది. ఏది పాఠమో, ఏది కలో తెలిసేది కాదు.

ఆ మగతలోంచి నన్ను లేపేది మా నాయన తల్లి, అవ్వ.

"ఇంత నీళ్లు పోయప్పా. నాలిక పిడచ కట్టుకపోతాంది."

అవ్వ కాళ్లు మోకాళ్ల దాకా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఆయాసం. గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. కాళ్లలోకి నీళ్లు దిగాయి కాబట్టి తాగే నీళ్లు మానిపించాలని ఇంట్లో తీర్పు చెప్పేశారు. చెంబు అటకెక్కింది. నోరు చప్పబడుతుందని ఊరగాయ ముక్క మాత్రం రోజూ పళ్లెంలో పడుతూనే ఉంది. "తాగితే ఇంగా ఊబుతాది" అనేది అమ్మ, కళ్లు తుడుచుకుంటూనే. అవ్వ ఊపిరాడక పోతుందేమోనని నాకు భయం. దాహంతో పోతుందేమోనని అంతకంటే భయం.

ఆదోనిలో డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోయాను. గుండె బలహీనపడిందన్నాడాయన. ఒంట్లో చేరిన నీళ్లు మూత్రంగా పోయేందుకు పాదరసం కలిసిన సూది వేసి, గుండెకు మాత్రలిచ్చి, ఉప్పు పూర్తిగా మానమన్నాడు. నీళ్ల సంగతి అడిగితే, దాహానికి సరిపడా తాగనీయమన్నాడు.

తిరుగు బస్సులో అవ్వ నా భుజం మీద వాలి ఉండగా పాఠం దానంతట అదే విడిపోయింది. అలసిన గుండె నెత్తుటిని సరిగా తోయలేకపోతుంది. మూత్రపిండాలకు అందేది తగ్గుతుంది. ఒళ్లంతా నీళ్లున్నాయని అవి ఎరగవు, కరువు వచ్చిందనుకుంటాయి. ఉప్పును పట్టి దాచుకుంటాయి, ఉప్పు వెంట నీళ్లూ ఆగిపోతాయి. నాకు నవ్వొచ్చింది. అవ్వ కూడా అంతే, బయట వాన పడుతున్నా ఇంట్లో బిందెలన్నీ నింపి మూతలు పెట్టే మనిషి. ఆమె మూత్రపిండాలు అచ్చంగా మా సీమవే. వాటి మీద కోపం రాలేదు, జాలి వేసింది.

ఇంటికొచ్చి అదే చెప్పాను. అమ్మ ఉప్పు వేయని సంగటి, ఉప్పు వేయని పప్పు పెట్టింది. అవ్వ పళ్లెం పక్కకు నెట్టింది.

"సప్పిడి కూడు నాకా? నేనేమన్నా బాలింతనా?"

మా ఇళ్లలో చప్పిడి పథ్యం బాలింతలకే. నేను పుట్టినప్పుడు అమ్మను కూర్చోబెట్టి, ఉప్పు రాయి తగలనీయకుండా అది తినిపించింది అవ్వే. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకు పెట్టినప్పుడు బాగుండె గదత్తా. ఇప్పుడు నువ్వు తిను."

అవ్వ కోడలిని ఎగాదిగా చూసి ఒక ముద్ద మింగింది. నేను చెంబు దింపి నీళ్లిచ్చాను. అమ్మ అడ్డు చెప్పబోయి ఆగింది. అవ్వ కళ్లు మూసుకుని, గుక్క గుక్కకూ ఆగి ఊపిరి తీసుకుంటూ తాగింది. అంత ఇష్టంగా ఎవరైనా ఏదైనా తాగడం నేను మళ్లీ చూడలేదు.

సూది తన పని మొదలుపెట్టింది. "దొడ్డికి పోను రాను సరిపోతాంది, నీ సదువు పాడుగాను" అని అవ్వ నన్ను తిట్టేది. తిట్టడానికి ఊపిరి అందుతున్నందుకు నాకు సంతోషంగా ఉండేది.

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం కునుకులోంచి లేచి చూస్తే, గోడ దగ్గర అవ్వ లేదు. చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆయాసం చప్పుడు లేదు. పాకి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది.

అవ్వ కళ్లు తెరవలేదు.

"సచ్చిపోలేదులేప్పా. పండుకోనుండా."